రిపోర్టులో కండ బ్రహ్మాండంగా ఉంది, మనిషికే చెయ్యి లేవట్లేదు

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది గుంటూరండి. పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇది మా బావ భుజం గురించి రాస్తున్నా గానీ, కంప్యూటర్ లెక్కేసి ఇచ్చిన కండల రిపోర్టులు చేతిలో పట్టుకుని తిరిగేవాళ్ళు ఇంకా ఉంటారని పేపరుకి పంపిస్తున్నా.

బావ మిర్చియార్డులో 30 ఏళ్ళు హమాలీగా చేశాడు. టిక్కీ అంటే మిర్చి బస్తా, తక్కువలో తక్కువ 40 కిలోలు, సీజన్లో రోజుకి ఎన్ని మోశాడో ఆయనకే లెక్క లేదు. పోయిన ఏడాది నుంచి కుడి రెక్క లేవట్లేదు. ఎత్తమంటే భుజం మొత్తం చెవి దాకా పైకి పోద్ది, చెయ్యి మాత్రం ఛాతీ దగ్గరికొచ్చి ఆగిపోద్ది. చెంబు తల మీదికి ఎత్తలేక నీళ్ళు ఎడం చేత్తో పోసుకుంటాడు, చొక్కా మా అక్క తొడగాలి, కండువా వేసుకోవాలన్నా ఎవరో ఒకరు అందించాలి. రెక్కాడితే గాని డొక్కాడదనే మాట ఊరికే రాలేదు కదండీ.

విజయవాడలో ఒక సెంటర్‌లో చెయ్యిని కంప్యూటర్‌లో మోడల్ చేసి ఏ కండ ఎంత పనిచేస్తుందో చెప్తారని ఎవరో అంటే తీసుకెళ్ళాం. భుజానికి, మోచేతికి, మణికట్టుకి మెరిసే చిన్న చిన్న గోళీల్లాంటివి అంటించారు, చుట్టూ కెమెరాలు పెట్టి ఎత్తండి దించండి అన్నారు, అరగంటలో అయిపోయింది. 6 వేలు తీసుకుని రంగురంగుల 11 పేజీల ఫైలు చేతిలో పెట్టారు. ఎముకల బొమ్మ, దాని మీద ఎర్రటి తాళ్ళలాగా కండలు, పక్కన ఏ కండ ఎంత బలంతో లాగుతుందో న్యూటన్లలో అంకెలు. అందులో సుప్రాస్పినాటస్ అనే, చెయ్యి పైకెత్తే భుజం కండ చక్కగా పనిచేస్తోందని రాసుంది. బావ ఆ బొమ్మ చూసి "ఏరా, నా కండలు ఇంత బాగుంటే మరి నొప్పెక్కడిది" అన్నాడు.

ఆ తర్వాత ఇంకో డాక్టరు గారు అల్ట్రాసౌండ్ తీయిస్తే తేలిందేంటంటే, సరిగ్గా ఆ కండ టెండనే, అంటే కండని ఎముకకి కట్టి ఉంచే తాడే, చిరిగిపోయుంది.

ఇంక నాకు నిద్ర పట్టలేదు. మళ్ళీ ఆ విజయవాడ సెంటర్‌కి వెళ్ళి అడిగా, ఎంఆర్ఐ చూశారా అంటే లేదు, కండలో కరెంటు కొలిచే ఈఎంజీ పెట్టారా అంటే లేదు. ఎత్తు, బరువు, కెమెరా వీడియో, అంతే. అక్కడ కూర్చున్న కుర్రాడు పాపం నిజాయితీపరుడు, "సార్, సాఫ్ట్‌వేర్‌లో మనిషి ముందే ఉంటాడు, మనం మీ వాళ్ళ సైజుకి స్కేల్ చేస్తాం" అన్నాడు. అంటే టైలరు దగ్గర రెడీమేడ్ చొక్కా ఆల్టర్ చేయించుకున్నట్టన్నమాట. ఏ సాఫ్ట్‌వేరో, లోపలున్న ఆ మనిషి ఎవరో రిపోర్టులో ఒక్క ముక్క లేదు.

ఆ విద్యని తప్పు పట్టట్లేదండి, అది ఉత్త మోసం కూడా కాదు. మోచెయ్యి మడిచి అరచేతిలో 5 కిలోలు పట్టుకుంటే బరువు కీలుకి 35 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, బైసెప్స్ లాగేది మాత్రం 4, 5 సెంటీమీటర్ల దూరం నుంచి, అంటే కండ దాదాపు 7 నుంచి 9 రెట్లు లాగాలి, నా స్టూడెంట్లకి ఏళ్ళ తరబడి చెప్పిన లీవరు లెక్కే ఇది. చిక్కల్లా ఏంటంటే ఒక్క కీలుని కదిపే కండలు చాలా ఉంటాయి, ఏ కండ వాటా ఎంతో ఆ లీవరు లెక్క ఒక్కదానితో తేలదు, అందుకని మొత్తం శ్రమ తక్కువయ్యేలా శరీరం పంచుకుంటుందని ఒక ఊహ పెట్టుకుని కంప్యూటర్ వాటాలు వేస్తుంది. కండ ఎంత వేగంగా కుదించుకుంటే ఎంత బలం ఇస్తుందనే సూత్రం 1938లో ఏ.వి. హిల్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త కప్ప కండ మీద కట్టింది, ఇప్పటికీ అదే మూలం. కప్ప నుంచి హమాలీ దాకా ఒకే సూత్రం, తల్చుకుంటే నవ్వొస్తుంది గానీ బాగానే పనిచేస్తుంది.

2005లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు భుజం నుంచి వేళ్ళ దాకా 15 రకాల కదలికలు, 50 కండల భాగాలతో చెయ్యి మోడల్ ఒకటి బయటపెట్టారు. అసలు దాన్ని చేసిందే ఆపరేషన్ల కోసం. నరం దెబ్బతిని మణికట్టు వేలాడిపోతే పనిచేసే ఇంకో కండ టెండన్ తీసి అక్కడ కుడతారు, కుష్టు వల్ల వేళ్ళు వంకరపోయినవాళ్ళకి 1940ల్లోనే మన పక్క వేలూరులో పాల్ బ్రాండ్ గారు ఇట్లాంటి టెండన్ ఆపరేషన్లు చేశారు. ఏ కండ మారిస్తే మోచెయ్యి చాపినప్పుడు ఎంత బలం, మడిచినప్పుడు ఎంత బలం వస్తుందో కత్తి పెట్టకముందే చూసుకోవచ్చు, అక్కడ మోడల్ బంగారం.

కానీ ఆ మోడల్ సగటు కొలతలున్న మగవాడిది. పైగా అందులో భుజం పలక, కాలర్ బోన్ వాటంతటవి కదలవు, చెయ్యి ఇంత లేస్తే అవి ఇంత కదలాలని ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ లెక్క ముందే రాసిపెట్టి ఉంటుంది. బావ భుజం చెవి దాకా పోతుందని చెప్పానే, ఆయన జబ్బంతా అందులోనే ఉంది, అట్లాంటి లెక్కలో వేస్తే సరిగ్గా అదే మాయమైపోద్ది. పోనీ గోళీలు చూసి పట్టుకుంటుందా అంటే, భుజం పలక చర్మం కింద జారుతుంటుంది, చర్మం మీద అంటించిన గోళీ దాంతోపాటు పూర్తిగా రాదు. స్కేల్ చేస్తే ఎముకల సైజు మారుతుంది గానీ కండ బలం మనం పనిగట్టుకుని మారిస్తేనే మారేది, చిరిగిన కండ చిరిగిందని మనం చెప్పకపోతే దానికి అసలు తెలీదు. తెలీని దాని గురించి రెండు దశాంశాల దాకా అంకె వేసి ఇస్తే పేషెంటు నమ్మేస్తాడు, నేనూ ముందు నమ్మాగా.

మా అక్క అడిగిన ప్రశ్న ఇంకా సూటిగా ఉంది, "స్కానింగు అయితే ఈయన లోపల చూసి చెప్పింది, మరి ఇది ఎవర్ని చూసి చెప్పినట్టు?"

అందుకని అధికారుల్ని అడిగేది ఒక్కటే. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో వైద్యానికి వాడే సాఫ్ట్‌వేర్ కూడా వైద్య పరికరం కిందికే వస్తుంది, కాబట్టి మా పరిధి కాదు అనే మాట చెల్లదు. ఇట్లాంటి రిపోర్టు ఇచ్చే ప్రతి సెంటరూ మొదటి పేజీలోనే, తెలుగులో, పెద్దక్షరాలతో, ఈ మనిషి మీద నిజంగా కొలిచినవి ఏవి, కంప్యూటర్ అంచనా వేసినవి ఏవి, లోపలున్న మోడల్ ఎవరి శరీరంతో కట్టింది అనేది రాయాలి. అంచనా వేసిన అంకె పక్కన అంచనా అని ఉండాలి. దీనికి కొత్త మిషన్లు, బడ్జెట్లు ఏం అక్కర్లేదు, ఒక పేజీ ప్రింటు.

ఇంకో మాట కూడా, సందర్భం వచ్చింది కాబట్టి. ఇట్లా ఎముకలు, కండల మోడల్ కట్టే ఓపెన్‌సిమ్ లాంటి సాఫ్ట్‌వేర్ 2007 నుంచి ఉచితంగా దొరుకుతోంది, మన గుంటూరు, విజయవాడ వైపు ఇంజినీరింగ్ కాలేజీలకి కొదవ లేదు, జీజీహెచ్ (ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి) ఫిజియోథెరపీకి వెళ్తే భుజం పట్టుకుని కూర్చున్నవాళ్ళు బెంచీల నిండా కనిపిస్తారు. ఫైనలియర్ ప్రాజెక్టంటే ఎక్కడో కొనుక్కొచ్చి బైండింగ్ చేయించే బదులు యార్డు హమాలీల భుజాలు, పచ్చళ్ళ షెడ్లలో రోజంతా కలిపే ఆడవాళ్ళ భుజాలు, వాళ్ళు ఒప్పుకుంటే, డాక్టర్ల పర్యవేక్షణలో కొలవొచ్చు కదా. ఆ సగటు మగవాడి పక్కన మనవాళ్ళ కొలతలూ ఉంటాయి.

బావకి ఆపరేషన్ కావాలో వ్యాయామంతో సరిపోద్దో వచ్చే వారం చెప్తామన్నారు. ఆ 11 పేజీల ఫైలు, దానికింద అల్ట్రాసౌండ్ రిపోర్టు మా బీరువాలోనే ఉన్నాయి, సంబంధిత అధికారి ఎవరైనా చూస్తానంటే రెండూ పట్టుకుని నేనే వస్తా.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పాలిటెక్నిక్ లెక్చరర్, గుంటూరు