ముంపు గ్రామ లూథరన్ సంఘానికి సమాధుల స్థలం కోరుతూ రెవెన్యూ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర రెవెన్యూ శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. ఉమ్మడి నల్గొండ జిల్లాలో కృష్ణ ఒడ్డున ఉండి పులిచింతల జలాశయంలో మునిగిపోయిన ఒక చిన్న పల్లె లూథరన్ సంఘస్థుడిగా ఈ లేఖ రాస్తున్నాను. 1842లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ తరువాత పల్నాడులోని గురజాలకు వెళ్లి సేవ చేశారు. ఆ పల్నాటి సంఘాల నుంచి పుట్టి పడవ ఎక్కి ఏరు దాటి వచ్చిన బోధకుల చేతనే మా తాతలు బాప్తిస్మం పొందారని మా పెద్దలు చెప్పేవారు.

45.77 టీఎంసీల జలాశయం 2013లో ప్రారంభమైంది. మాకు పునరావాస కాలనీలో ఇళ్ల స్థలాలు వచ్చాయి. చర్చిని మాత్రం కూలి డబ్బుల్లో మిగిల్చి మేమే కట్టుకున్నాం. స్లాబు వేసిన కొత్త కట్టడమే అయినా అందులో మోగేది పాత పెంకుటి గుడి గంటే. బలిపీఠం పక్కనున్న పెద్ద కిటికీలోంచి చూస్తే అవతలి గట్టు వరకు నీళ్లే కనిపిస్తాయి. మా బొందలగడ్డ ఆ నీటి అడుగున ఉంది.

ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించడం మా ఆచారం. ఇప్పుడు వాటిని ఒడ్డున ఇసుకలో గుచ్చి, ఎవరి తల్లిదండ్రులు ఏ దిక్కున ఉన్నారో పిల్లలకు వేలితో చూపిస్తున్నాం. మొన్నటి వానాకాలంలో మా పెద్దమ్మ చనిపోతే ఆమెను మట్టి చేయడానికి చోటు దొరకక, ఒకటిన్నర రోజు ఇంటి ముందే ఉంచి, చివరకు పొరుగూరి బంధువు చెలక గట్టున పూడ్చాం. స్థలం కోసం మేము పెట్టుకున్న అర్జీ ఏ బల్ల మీద ఆగిందో ఈనాటికీ తెలియదు.

2013 భూసేకరణ చట్టం మూడవ షెడ్యూలు, పునరావాస ప్రాంతంలో ఆయా కులాల, వర్గాల ఆచారాలను బట్టి శ్మశాన స్థలం ఉండాలని చెబుతోంది. మా తరలింపు అంతకు ముందే మొదలైందని కొందరు అంటారు గానీ, చావుకు ఆ తేడా లేదు కదా అయ్యా.

చర్చి పేరున పట్టా అడగడం లేదు. కాలనీకి దగ్గరలో ఒక ఎకరం ప్రభుత్వ భూమిని సర్వే చేయించి, గ్రామ పంచాయతీ పేరునే ఉంచి, పూడ్చే ఆచారమున్న అన్ని కులాల వారికీ కేటాయించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. పెద్దమ్మ పేరు చెక్కించిన శిలువ రాయి ఇంకా చర్చి వసారాలోనే గోడకు ఆనించి ఉంది.

ఇట్లు,
తమ విధేయుడు,
లూథరన్ సంఘ సభ్యుడు