సులూకి పేరు పెట్టిందెవరో తెలుసా?

ఒరేయ్,

నీ ఉత్తరం నిన్న అందింది. అంతా బాగానే ఉంది కానీ, ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. "సినిమాలకీ, సీరియళ్ళకీ నవలలు రాసేవాళ్ళు కూడా రచయితలేనా? కథ ఒకరిది, పాత్రలు ఇంకొకరివి" అన్నావు. ఆ మాట మీద నీతో పోట్లాడదామనే కూర్చున్నాను, ఓపిగ్గా చదువు.

స్టార్ ట్రెక్ అంటే నీకు ప్రాణం కదా. 1966లో మొదలైన ఆ సీరియల్లో అంతరిక్ష నౌకని నడిపే సులూకి ఆ ఒక్క ముక్క తప్ప వేరే పేరే లేదు. హికారు అన్న పేరు 1981లో వోండా మెకింటైర్ తన నవలలో పెట్టింది. పదేళ్ళ తర్వాత, 1991లో వచ్చిన ఆరో సినిమాలో ఆ పేరు తెర మీద వినపడింది. ఆవిడ అప్పటికే సొంత నవలకి సైన్స్ ఫిక్షన్‌లో పెద్ద అవార్డులైన హ్యూగో, నెబ్యులా రెండూ గెలుచుకుంది! అంత పెద్ద రచయిత్రి, తనది కాని పాత్ర మీద అంత శ్రద్ధ పెట్టింది.

ఇక సినిమాలకి నవలలు రాసిన ఆలన్ డీన్ ఫాస్టర్ సంగతి. మొదటి స్టార్ వార్స్ నవల సినిమా కన్నా ముందే, 1976లో వచ్చేసింది. అట్ట మీద ఆ సినిమా తీసిన జార్జ్ లూకాస్ పేరుంటుంది, రాసింది మాత్రం ఈయనే. చూసి రాయడానికి సినిమా ఇంకా పూర్తే కాలేదు. స్క్రిప్టులో మాటలుంటాయి, ఎవరు ఎక్కడ నిలబడ్డారో ఉంటుంది. ఆ మనిషి మనసులో ఏం నడుస్తోందో ఉండదు. అదంతా రాసేవాడు తెచ్చి పెట్టుకోవాల్సిందే. 1979లో ఏలియన్ సినిమాకి నవల రాసినప్పుడైతే, అందులో మనుషుల్ని వేటాడే ఆ వింత జంతువు ఎలా ఉంటుందో కూడా స్టూడియోవాళ్ళు ఆయనకి చూపించలేదు. కథకి ప్రాణమే అది! రూపం తెలియకుండానే భయం పుట్టించాలి. నువ్వూ నేనూ అయితే చేతులెత్తేసేవాళ్ళం.

ఇలా రాసేవాళ్ళ బతుకులో నాకు కష్టంగా తోచేది వేరే ఉంది. ఎంత బాగా రాసినా పాత్ర రాసినవాడిది కాదు. టిమొతీ జాన్ అనే రచయిత 1991లో తన స్టార్ వార్స్ నవలలో థ్రాన్ అనే సేనానిని సృష్టించాడు. 2014లో ఆ పాత స్టార్ వార్స్ నవలలన్నిటినీ హక్కుదారులు అసలు కథలోంచి తీసి పక్కన పెట్టేశారు. మళ్ళీ 2016లో స్టార్ వార్స్ యానిమేషన్ సీరియల్లోకి థ్రాన్‌ని వాళ్ళే తెచ్చుకున్నారు. వద్దన్నా, కావాలన్నా నిర్ణయం హక్కుదారులదే. డబ్బు సంగతీ అంతే. పాత నవలలకి రాయల్టీ ఆగిపోయిందని 2020లో ఫాస్టర్ బయటికొచ్చి చెప్పుకోవాల్సి వచ్చింది. అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘం ఆయన పక్కన నిలబడింది. అన్నేళ్ళు రాసిన పెద్దాయనకి ఆ అవస్థ ఏమిట్రా అని నాకు చాలా బాధేసింది.

నా దగ్గరున్న ఏలియన్ నవల ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. ఆ జంతువు వచ్చే చోట పేజీ మడిచాను. సినిమాని కాసేపు మర్చిపోయి చదువు. ఏమనిపించిందో వెంటనే రాయి, ఎదురు చూస్తుంటాను.

నీ
నేనే