ముందు కొత్త అప్పు పుట్టకుండా చూడు

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. అప్పుల సంగతి ఇన్నాళ్లూ కడుపులో దాచుకుని, ఇప్పటికైనా నాతో చెప్పావు, సంతోషం. ఇంత భారం ఒక్కడివే మోశావే అని బాధ కూడా వేసింది. కానీ, "వచ్చే నెల నుంచి ఇంటి ఖర్చు సగానికి సగం కోసేసి, మిగిలిందంతా అప్పులకే కట్టేస్తాను, ఏడాదిలో తేల్చేస్తాను" అన్నావు చూడు, అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది. నీ పట్టుదల మీద నాకే అనుమానమూ లేదురా. ఆ పద్ధతి మీదే అనుమానం.

సగానికి కోసిన ఇల్లు మొదటి నెల నడుస్తుంది. రెండో నెల ఎలాగో నెట్టుకొస్తారు. ఆ తర్వాత ఎవరికో జ్వరం వస్తుంది, బండి ఆగిపోతుంది, పిల్లల ఫీజు గడువు ముంచుకొస్తుంది. ఉన్నదంతా అప్పుకే కట్టేశావు కాబట్టి చేతిలో ఏమీ ఉండదు. మళ్లీ క్రెడిట్ కార్డు గీకాలి, లేదా ఎవరినో చేబదులు అడగాలి. నెలల తరబడి నోరు కట్టుకుని కట్టినదంతా అలా వెనక్కి వచ్చేస్తుంది. చాలాసార్లు తక్కువ వడ్డీ బాకీ తగ్గించి ఎక్కువ వడ్డీ బాకీ తెచ్చుకున్నట్టు అవుతుంది. అందుకే పాత బాకీ తగ్గించే వేగం కన్నా కొత్త బాకీ పుట్టకపోవడం ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. నువ్వు వేసుకునే బడ్జెట్ ముందు ఈ పనికి పనికిరావాలి.

కాబట్టి అదనంగా ఒక్క రూపాయి అప్పుకు కట్టే ముందు, కనీసం ఒక నెల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు విడిగా పెట్టు. వాయిదాలు మాత్రం ఆపకు, అవి మామూలుగా కడుతూనే ఉండు. "అప్పు మీద అంత వడ్డీ కడుతూ, ఇక్కడ డబ్బు ఊరికే ఉంచుకోవడం నష్టం కదా" అంటావని తెలుసు. కాగితం మీద నిజమే. కానీ ఆ కాస్త డబ్బు ఉంటే ఏ చిన్న ఇబ్బందికీ నువ్వు అప్పు గుమ్మం ఎక్కక్కర్లేదు. వాడుకున్నావా, ముందు దాన్ని మళ్లీ నింపు, తర్వాతే అదనపు చెల్లింపులు. ఆరు నెలల ఖర్చుకు నిల్వ ఉండాలంటారే, అది పెద్ద వడ్డీల పీడ వదిలాక చూసుకుందాం.

ఇక అసలు చిల్లు ఎక్కడుందో చెప్తాను. నువ్వు పంపిన పద్దులో అద్దె ఉంది, సరుకులున్నాయి, కరెంటు, ఫోను, రాకపోకల ఖర్చు అన్నీ ఉన్నాయి. ఆ పద్దు ప్రకారం ప్రతి నెలా ఎంతో కొంత మిగలాలి. మరి ఎందుకు మిగలడం లేదు? ఏడాదికోసారి, రెండుసార్లు వచ్చే ఖర్చు ఒక్కటీ అందులో లేదు కాబట్టి. బీమా ప్రీమియం, స్కూలు ఫీజు, బండి రిపేరు, బట్టలు, ఇంట్లో శుభకార్యాలు, పళ్ల డాక్టరు, పాడైపోయిన ఫోను... ఇవి అనుకోని ఖర్చులు కావురా. ఏ నెలలో వస్తాయో తెలియకపోవచ్చు, వస్తాయన్న సంగతి మాత్రం మనకు ముందే తెలుసు. పోయిన ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందేసుకుని ఇలాంటివన్నీ ఏరి, కూడి, 12తో భాగించు. వచ్చిన మొత్తం నీ నెలవారీ ఖర్చే, అద్దె ఎంత నిజమో అదీ అంతే నిజం. జీతం పడిన రోజే దాన్ని వేరే ఖాతాలోకి మార్చెయ్. ఆ అంకె చూసి గుండె గుభేలుమంటుంది, అప్పు తీర్చడానికి మిగిలేది నువ్వు అనుకున్నదాంట్లో సగమే కావచ్చు. అయినా సరే, ఆ సగం నిజంగా ఉన్న డబ్బు. దాని మీద వేసిన లెక్క నిలబడుతుంది.

తర్వాత అప్పుల చిట్టా. "మొత్తం ఇంత" అని ఒక్క అంకె రాశావు, దానితో లాభం లేదు. ఒక్కో అప్పుకు మిగిలిన అసలు, వడ్డీ రేటు, నెల వాయిదా, ఇంకా ఎన్ని నెలలు, ముందే కట్టేస్తే పెనాల్టీ ఉందా అన్నవన్నీ విడివిడిగా రాయి. బంధువుల దగ్గర వడ్డీ లేకుండా తెచ్చినది కూడా వదలకు. దానికి వడ్డీ లేకపోవచ్చు, మాట ఉంది. ఎప్పటికి ఇవ్వగలవో వాళ్లకు నిజాయితీగా ఒక తేదీ చెప్పు.

వడ్డీ రేటు రాసేటప్పుడు ఫ్లాట్ వడ్డీయా (ఎంత కట్టినా చివరిదాకా మొదట తీసుకున్న మొత్తం మీదే లెక్కగట్టేది), తగ్గుతున్న బాకీ మీద వడ్డీయా (ఇంకా మిగిలిన అసలు మీదే లెక్కగట్టేది) చూడు. రెండిటికీ 12 శాతం అనే చెప్తారు. కానీ లక్ష అప్పుకు అయిదేళ్లలో తగ్గుతున్న బాకీ మీదైతే నెలకు దాదాపు 2,224 కడతావు, ఫ్లాట్ అయితే దాదాపు 2,667. ఆ ఫ్లాట్ 12 శాతం అసలు రూపంలో ఏడాదికి 20 శాతం పైమాటే. ఇంకోటి, ఈ 2,224లో మొదటి నెల 1,000 వడ్డీకే పోతుంది, 1,224 మాత్రమే అసలులో తగ్గుతుంది. అందుకే ఇలాంటి అప్పులో అదనంగా ఏమైనా కట్టగలిగితే మొదటి ఏళ్లలోనే ఎక్కువ కలిసొస్తుంది.

కార్డు విషయంలో మాత్రం నిన్ను కాస్త భయపెట్టక తప్పదు. "మినిమం కడుతూనే ఉన్నాను కదా" అని రాశావు. మినిమం అంటే ఆ నెలకు కనీసం ఇంతైనా కట్టమని బ్యాంకు అడిగే మొత్తం, అంతే. ఉదాహరణకు నెలకు 3 శాతం వడ్డీ, బాకీలో 5 శాతం మినిమం అనుకో. 100 బాకీ ఉంటే, కొత్తగా ఏమీ కొనకపోయినా, ఏడాదంతా కలిపి దాదాపు 55 కడతావు. ఏడాది చివర ఇంకా 77 బాకీ ఉంటుంది. 55 కడితే తగ్గింది 23. పైగా చాలా కార్డుల్లో పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. అందుకే ఆ కార్డును ఇంట్లో బీరువాలో పెట్టెయ్, ఫోన్లో దాచిన నంబరు కూడా తీసెయ్. అదనపు డబ్బు ఎంత మిగిలినా ముందు దానికే.

ఏ అప్పు ముందు తీర్చాలని అడిగావు కదా. అన్నిటికీ కట్టాల్సిన వాయిదా కట్టి, మిగిలినది ఎక్కువ వడ్డీ ఉన్నదానికి కట్టడమే లాభం. చిన్న బాకీలు ముందు తీరిస్తే మనసుకు ఉత్సాహం వస్తుందని ఇంకొందరి మాట. అదీ కొట్టిపారేసేది కాదు, రెండు నెలల్లో తీరిపోయే చిన్నది ఏదైనా ఉంటే తీర్చెయ్, ఒక వాయిదా తగ్గుతుంది. కానీ నీ కార్డు వడ్డీ మిగతావాటికి చాలా పైన ఉంది, నీ విషయంలో నాకు వేరే ఆలోచన లేదు. ఒక అప్పు తీరగానే ఆ వాయిదా డబ్బు ఇంటి ఖర్చులో కలిసిపోకుండా ఆ నెల నుంచే తర్వాతి అప్పుకు మళ్లించు.

అన్నీ కలిపి ఒకే అప్పుగా మార్చుకోమని ఎవరో సలహా ఇచ్చారన్నావు. కార్డు బాకీ వరకైతే మంచిదే కావచ్చు, మిగతావాటికి గడువు చూసి మాట్లాడు. లక్షకు 12 శాతం చొప్పున అయిదేళ్లు కడితే వడ్డీ మొత్తం దాదాపు 33,500. అదే లక్షను 10 శాతానికి పదేళ్లకు మారిస్తే వాయిదా 1,322కు దిగుతుంది, వడ్డీ మాత్రం 58,500 దాటుతుంది. రేటు తగ్గి కూడా ఎక్కువ కట్టావన్నమాట. ఈ కొత్త కాగితాల మీద సంతకం పెట్టే ముందు మొత్తం ఎంత కట్టాల్సి వస్తుందో, ప్రాసెసింగ్ ఫీజు ఎంతో రాతపూర్వకంగా అడుగు.

ఇంకో మాట, ఇది మనసుకు పట్టించుకో. చెల్లెమ్మకు మొత్తం అంకె ఇంకా తెలియదని రాశావు. ఈ ఆదివారమే చెప్పరా. ఇంటి ఖర్చు నడిపేది తను, తనకు తెలియని లెక్కతో నువ్వు ఏ బడ్జెట్ వేసినా అది ఆరంభశూరత్వమే అవుతుంది. ఎక్కడ తగ్గించవచ్చో, ఎక్కడ తగ్గిస్తే ఇల్లు కుంగిపోతుందో నీకన్నా తనకే బాగా తెలుసు. పిల్లలకూ వాళ్ల వయసుకు తగ్గట్టు, కొన్నాళ్లు జాగ్రత్తగా ఉండాలని చెప్పండి. మీ ఇద్దరికీ నెలకు కొంచెం డబ్బు, ఎవరికీ లెక్క చెప్పక్కర్లేనిది, తప్పకుండా ఉంచుకోండి. ఆ కాస్త వెసులుబాటు లేకపోతే ఒక్కో చిన్న కొనుగోలూ ఒక గొడవ అవుతుంది.

ఖర్చు తగ్గించాలని ఆరోగ్య బీమా మాత్రం ఆపొద్దు. అప్పులన్నీ తీరేదాకా ఎవరికీ హామీ సంతకం పెట్టొద్దు, ఎంత దగ్గరివాళ్లయినా సరే. ఏదైనా నెల వాయిదా కట్టలేనని ముందే అనిపిస్తే గడువు దాటకముందే అప్పు ఇచ్చినవాళ్లతో మాట్లాడు. ముందు అడిగితే వాయిదాలు సర్దుబాటు చేసే వీలు ఉండొచ్చు, తప్పిన తర్వాత జరిమానా పడ్డాక మాట్లాడటం కష్టం.

చిట్టా పూర్తయ్యాక ఫోటో తీసి నాకు పంపు. ఏడాది ఖర్చులను 12తో భాగించిన అంకె కూడా పంపు, నేను ముందు చూసేది అదే. నువ్వు ఒక ఏడాది అన్నావు, నాకైతే మూడేళ్లు పట్టేలా ఉంది. నిజమైన అంకెలు వచ్చాక ఇద్దరం కూర్చుని నెల నెలకూ ఎంత వీలవుతుందో వేద్దాం. చెల్లెమ్మను, పిల్లలను అడిగానని చెప్పు.

నీ
మిత్రుడు