వాతావరణ పాఠం కాలువ అధికారులకూ చెప్పాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఈమధ్య మా ఊరి రామమందిరం దగ్గర వాతావరణ మార్పుల మీద రైతులకు ఒక ఉపన్యాసం పెట్టారు. వచ్చినాయన బాగా చదువుకున్న మనిషి, చక్కగానే చెప్పారు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టి ఉంచగలదట. వాన ముఖం చాటేసి చాటేసి, పడిన రోజున మాత్రం గట్లు తెగేలా ఎందుకు కురుస్తోందో అందరికీ అర్థమైంది. సముద్రం వేడెక్కిన కొద్దీ తుపానుకు బలం పెరుగుతుందన్నారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానును చూసిన మా ఉద్దానం కొబ్బరి సీమకు ఆ మాట వేరే చెప్పాలా? పడిపోయిన కొబ్బరి చోట కొత్త మొక్క నాటి కాపు కోసం ఏళ్ల తరబడి కాచుకున్నవాళ్లను పట్టుకుని చివర్లో ‘చెట్లు నాటండి’ అనడం కాస్త విడ్డూరంగా అనిపించింది. పోనీండి.

అసలు సంగతి ప్రశ్నల దగ్గర వచ్చింది. స్వర్ణ లాంటి దీర్ఘకాలిక వరి రకాలు తగ్గించి స్వల్పకాలికాలు వేయమని, ఆకుమడి మానేసి విత్తనం నేరుగా పొలంలో ఎదజల్లమని ఆయన సలహా. వెనకనుంచి ఒక ముసలమ్మ లేచి, ‘‘అదంతా సరే గానీ బాబూ, కాలవలోకి నీరెప్పుడొదుల్తారేటి?’’ అంది. ఆయన వ్యవసాయ సహాయకుడి వైపు చూశారు. అది ఇరిగేషన్ వాళ్ల పని అన్నాడు అతను. ఇరిగేషన్ వాళ్లను సభకు పిలవనేలేదు.

మాది వంశధార ఎడమ కాలువ శివారు. గొట్టా బ్యారేజీ దగ్గర నీరు వదిలారని పేపర్లో చదివాక, అది మా పొలానికి చేరేదెప్పుడో దేవుడికే తెలియాలి. ఈలోగా ఆకుమడిలో ఆకు (నారు) ముదిరిపోతుంది. ముదురు ఆకు ఊడిస్తే (నాటితే) పిలకలు సరిగా రావు. ఉభాలు (నాట్లు) ఆగస్టు ఆఖరుకు జరిగాయంటే, 150 రోజుల స్వర్ణ సరిగ్గా తుపాన్ల రోజుల్లో ఈనుతుంది, డిసెంబరులో కోతకొస్తుంది. అప్పుడో అల్పపీడనం పట్టిందంటే చేలో పనలు నాని గింజ మొలకెత్తుతుంది. పోనీ 120 రోజుల 1010 రకం వరి వేద్దామా? నీరు వేళకొస్తే అది వానల్లోనే కోతకొచ్చి కూర్చుంటుంది. నీరు ఆలస్యమైతే అదే మేలు. అంటే నీటి తేదీ తెలిస్తే గానీ ఏ విత్తనం వేయాలో తేలదు, విత్తనం మాత్రం ముందే కొనుక్కోవాలి. ఎదజల్లితే కాలువ కోసం చూడక్కర్లేదన్నది నిజమే. మెట్టున పనికొస్తుంది. పల్లంలో మొలక దశలో ఒక్క పెద్ద వాన నిలిచిందంటే విత్తనం కుళ్లిపోతుంది, మిగిలినదాన్ని కలుపు తినేస్తుంది.

పంట నష్టానికి పరిహారమిచ్చే ఫసల్ బీమా గురించి ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు. నిజానికి గంటసేపు చెప్పాల్సింది అదే. కోసి చేలో ఆరబెట్టిన పంట 14 రోజుల్లోపు తుపానుకో అకాల వర్షానికో పాడైతే పరిహారం అడగవచ్చు. కాకపోతే 72 గంటల్లో తెలియజేయాలి. తుపాను దాటిన మూడు రోజుల్లో మా వైపు కరెంటూ ఉండదు, ఫోన్ సిగ్నలూ ఉండదు. ఇక పేరు మీద కాగితం లేని కౌలురైతు ఎవరికి చెప్పుకోవాలి?

మారాల్సింది రైతొక్కడే అన్నట్టు సాగింది ఉపన్యాసమంతా. పంట తేదీని సగం నిర్ణయించేది కాలువ. దానికి పూడిక తీయించేదీ, గుర్రపుడెక్క తొలగించేదీ, షట్టర్లు ఎత్తేదీ మేం కాదు.

కాబట్టి జిల్లా అధికారులకు మీ పత్రిక ద్వారా నా మనవి: వచ్చే ఏడాది ఇలాంటి సభ మృగశిర కార్తెకు ముందే, పనులు ముగిసిన సాయంత్రం వేళ పెట్టండి. వేదిక మీద వ్యవసాయ శాఖతో పాటు ఇరిగేషన్ ఇంజనీరునూ కూర్చోబెట్టండి. నీరు ఏ రోజు వదులుతారో, ఏ పిల్లకాలువ శివారుకు ఏ వారం చేరుతుందో రాసి రైతు సేవా కేంద్రం గోడకు అతికించండి. ఆలస్యమయ్యేలా ఉంటే ఆ సంగతి విత్తనాలు అమ్ముతున్నప్పుడే చెప్పండి.

ఇట్లు,
ఒక శివారు ఆయకట్టు రైతు,
టెక్కలి డివిజన్, శ్రీకాకుళం జిల్లా.