మిలిటరీ మామ ముచ్చట

హనుమకొండ,
ఆదివారం పొద్దుగాల

ఒరేయ్ బక్కోడా,

నువ్వు తిట్టకముందే చెప్తాన, ఉత్తరం లేటయింది. ఫోన్ల చెప్పుదామంటే నీ షార్జా క్యాంపు సిగ్నల్ సంగతి ఎరుకే, మూడు ముక్కలు మాట్లాడంగనే కట్టు. గిది మూడు ముక్కల్ల ఒడిసే ముచ్చట కాదు. ఇంటికాడ అందరు మంచిగనే ఉన్నరు. మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, మీ చిన్నోడు ఇంటర్ పరీక్షలు రాస్తాండు. ఇగ ఇను.

మిలిటరీ మామ పోయిండని నీకు వాట్సాప్ల ఎవడో పెట్టే ఉంటడు. రాత్రి బువ్వ తిని పన్నోడు మళ్ల లేవలే. గని అటెనుక ఏమైందో ఎవడు పెట్టడు గద.

తెల్లారంగనే ఎల్కతుర్తి దిక్కు రైతొకాయన ట్రాలీ ఆటో ఏసుకొని దిగిండు, మామ షాపుల రిపేరుకిచ్చిన మోటర్ తీస్కపోదామని. చూస్తే షాపు ముంగట టెంటు. ఏం మాట్లాడలే పాపం. ఆటోను ఎనుకకు పంపి, తువ్వాల నడుముకు చుట్టి, మాతోని కట్టెలు మోసిండు. పాడె కాడ ఇంకో లొల్లి. మామ ఉరికిచ్చి ఫౌజుకు, పోలీసుకు పంపినోళ్లల్ల సెలవు దొరికినోడల్లా వచ్చిండు. మేం మోస్తమంటే మేం మోస్తమని చుట్టాలతోని పంచాది. ఆఖరికి అత్తమ్మనే తీర్పు చెప్పింది: "మూలమలుపు దాక చుట్టాలు, ఆడికెల్లి నా పోరగాండ్లు." ఏడుస్తనే చెప్పింది. ఎవ్వడు నోరెత్తలే.

తానాలు జేసి వచ్చినంక ఆ రైతు గోడకు ఒరిగి కూసున్నడు. పొద్దుగూకంగ మెల్లగ అన్నడు, "పొలం పొట్టకొచ్చింది బిడ్డా… ఇప్పుడు అడిగేది కాదు గని…" అంతే, ఆపేసిండు. నిజం చెప్పాల్నంటే మాకు మండింది. మన దోస్తు పులిహోర గాడు లేవబోయిండు కూడ. లోపటికెల్లి అత్తమ్మ ఇన్నది. షాపు తాళంచెవి తెచ్చి నా చేతుల పెట్టి, "పొలం ఎండిన పాపం మీ మామకెందుకురా" అన్నది. మైల ఇంట్ల పనేందని ఒక ముసలవ్వ గునిగింది గని, ఎవలిన్నరు.

షట్టర్ దించుకొని లోపట కూసున్నం. రైతుది 5 హెచ్‌పీ మోనోబ్లాక్, పంపు మోటర్ ఒక్కతాననే ఉండేది. కాలిన కాయిల్స్‌ను మామ అప్పటికే ఉలితోని కొట్టి పీకి, 36 స్లాట్లు సాఫ్ చేసి పెట్టిండు. మరి ఒక్కో కాయిల్‌కు ఎన్ని టర్న్స్, అంటే ఎన్ని చుట్లు? ఏ గేజి వైరు, ఎంత మందం? పీకిన కాయిల్ తుక్కుల కలిసిపోయింది. డేటా బుక్కుల ఆ మోటర్ లేదు. లైటు ఏసి ఎంకుతాంటే పులిహోర గాడు "ఓర్నీ" అన్నడు. షట్టర్ లోపలి దిక్కు సుద్దముక్కతోని మామ రాత: టర్న్స్, గేజి, పిచ్, కనెక్షన్. దాని కింద "ఆటోస్టార్టర్ తీసెయ్యమని చెప్పాలె." అదే, కరెంటు రాంగనే మోటర్‌ను దానంతటదే ఆన్ చేసే డబ్బ.

ఆ పక్కపొంటి పోరగాండ్ల ఉరుకుడు టైమింగులు. అన్ని సుద్దవే, నీదొక్కటే ఎర్ర పెయింటుతోని. 5.31. ఇన్నేండ్లు 5.29 అని కోసినవ్ గదరా మాకు! ఫౌజు భర్తీల 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లల ఉరికితే 60 మార్కులు, ఒక్క సెకను దాటితే 48. ఆ ఒక్క సెకను నిన్ను షార్జాల వైండింగ్ షాపుకు పంపిందని మామ వచ్చినోనికల్లా చెప్పేటోడట, గర్వంగనే.

మామ షరతు యాదికుందా? పొద్దుగాల ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుల ఉరికినోడు పొద్దుమూకి షాపుకొచ్చి ఫర్మా మీద కాయిల్ చుట్టాలె. మనకేమో యుద్ధం ముచ్చట్లు కావాలె. "71ల ఎంతమందిని కొట్టినవ్ మామా?" అంటే, "నేను కొట్టినయన్నీ బోల్టులేరా" అనేటోడు. డిసెంబర్ 16న ఢాకాల సంతకం పెట్టి పాకిస్తానోళ్లు 93 వేల మంది లొంగిపోయిన్రట, ఆయనేమో ఎక్కడో లారీ కింద పన్నడట, ఒక్కణ్ని కూడ చూడలేదట! ఆయన కోర్ ఈఎంఈ అంటే ఫౌజుల రిపేరోళ్లు, మేం లేకుంటే తోపు కూడ ఇనుప గొట్టమే అని ఒకటే గొప్పలు. అక్టోబర్ 15 వాళ్ల కోర్ పుట్టినరోజని మిర్చీలు తినిపిచ్చేటోడు, నువ్వు పదకొండు తిని… సరే, అది రాయ.

2022ల ఫౌజు భర్తీకి అగ్నిపథ్ వచ్చినప్పుడు వారం రోజులు ఎవలతోని మాట్లాడలే. నాలుగేండ్ల కొలువు, నూటికి ఇరవై ఐదుగురే ఉంటరు, మిగిలినోళ్లు ఏం జెయ్యాలె అని. మళ్ల వారం గ్రౌండుకొచ్చి "కాయిల్ ఇంకో గంట ఎక్కువ చుట్టాలె" అన్నడు. గంతే ఆయన నిరసన. 2020 వానలకు నయీంనగర్ మునిగినప్పుడు మనోళ్లకు లారీ ట్యూబులు, తాళ్లు ఇచ్చి ముంగట నడిసింది కూడ ఆయనే, డెబ్బై ఏండ్ల మనిషి. నువ్వప్పటికి పోయినవ్.

అవ్, మోటర్. రాత్రంత చుట్టినం. వార్నిష్ ఏసి, లోపట పెద్ద బల్బు పెట్టి ఆరబెట్టినం. సిరీస్ బల్బుతోని చెక్ చేస్తాంటే పులిహోర గాని చేతులు వణుకుతానయ్. గిర్రున తిరిగింది! రైతు పైసలు తీస్తే అత్తమ్మ తీసుకోలే.

మూడొద్దులకు పిట్టకు పెట్టినం. మటన్, కల్లు, ఆయన బీడీలు, అన్ని పెట్టినా కాకి రాదు. ఎండ నెత్తికెక్కింది. ఏం కోరిక మిగిలిందో అని ఆడోళ్లు ఒక్కొక్కటి అడుగుతాన్రు. పులిహోర గాడు సావధాన్‌ల నిలవడి గట్టిగ అరిసిండు, "మామా, ఎల్కతుర్తి మోటర్ డెలివరీ అయింది!" అని. ఏడ్పుల నవ్వొచ్చింది అందరికి. కాకి వచ్చింది. మోటర్ మాటకొచ్చిందో మటన్ వాసనకొచ్చిందో నాకెరుక లేదు. అత్తమ్మ మాత్రం మోటర్‌కే అంటది.

షాపు సంగతి ఏం జేద్దామో నిన్ను కూడ అడగాలె. అత్తమ్మ ఏమంటాందంటే, నువ్వు వచ్చే దాక… ఆగు, బయట పులిహోర గాడు హారన్ మీద హారన్ కొడ్తాండు, ఇయ్యాల రెండు మోటర్లు దించాల్నట. మిగిలింది మళ్ల రాస్త.

నీ
గుండు