చిన్న ముక్క విరిగితే డబ్బా మొత్తం పారేయాలా?

సంపాదకులకు నమస్కారం,

పిట్టలకు గింజలు పోసి వేలాడదీసే బర్డ్ ఫీడర్ మా ఇంట్లో మూడేళ్లుగా ఉంది. మొన్న దాని అడుగు పళ్లెం ఊడి కిందపడింది. చూస్తే పళ్లేన్ని గింజలుండే గొట్టానికి పట్టి ఉంచే రెండు కొక్కేల్లో ఒకటి విరిగింది, వేలిగోరంత ముక్క, అంతే. అమ్మినవాళ్లను అడిగితే విడి భాగాలు దొరకవు, కొత్తది కొనుక్కోండి అన్నారు. గొట్టం, మూత, తీగ అన్నీ బాగున్నప్పుడు ఎలా పారేస్తాం?

ముందు జిగురుతో అతికించాను, రెండో రోజుకే ఊడింది. అది జిగురు తప్పు కాదు. విరిగినచోట ప్లాస్టిక్ సున్నం పట్టినట్టు తెల్లబడిపోయింది, గోటితో గీకితే పొడి రాలుతోంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ప్లాస్టిక్ అలా పెళుసుబారుతుంది, అలాంటిదాన్ని ఎంత అతికించినా పక్కన ఇంకోచోట పుటుక్కుమంటుంది. కాబట్టి కొత్త ముక్క చేసుకోవాల్సిందే.

తెలిసినవాళ్ల త్రీడీ ప్రింటర్‌లో, అంటే ప్లాస్టిక్‌ను కరిగించి పొర మీద పొర పేర్చి వస్తువు చేసే యంత్రంలో, చేయించాను. విరగని రెండో కొక్కేన్ని వెర్నియర్ క్యాలిపర్‌తో కొలిచి గీస్తే, అచ్చం అదే కొలత కావడంతో గాడిలోకి దూరలేదు. చుట్టూ 0.2 మిల్లీమీటర్ వదులు ఇచ్చాక సరిపోయింది. మొదట పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో చేసింది ఎండకు మెత్తబడి వంగిపోయింది, ఆ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుందట. ఎండకు తట్టుకునే ఏఎస్ఏ అనే మరో ప్లాస్టిక్‌తో మళ్లీ చేయించాం. ఇంకో సంగతి, కొక్కేన్ని నిలబెట్టి ప్రింట్ చేస్తే పొరల మధ్య విరిగిపోతుంది, పడుకోబెట్టి చేయాలి. లోపలి మూలను కూడా కాస్త గుండ్రం చేయించాను, ఎందుకంటే పాతది సరిగ్గా ఆ పదునైన మూల దగ్గరే చిట్లింది.

ప్రింటర్ లేకపోయినా ఫర్వాలేదు. పళ్లేనికీ గొట్టానికీ కలిపి రెండు చిల్లులు పెట్టి తుప్పుపట్టని స్టీల్ స్క్రూలు బిగిస్తే చాలు, మొన లోపలికి పొడుచుకు రాకుండా చూసుకోవాలి. పిట్ట వాలే పుల్ల విరిగితే గట్టి చెక్క పుల్ల సరిపోతుంది. రంగు మాత్రం వేయొద్దు, పిట్టలు ముక్కుతో పొడుస్తాయి. అంచులన్నీ గరుకు కాగితంతో రుద్దండి, అంత చిన్న కాళ్లకు చిన్న గీత కూడా పెద్ద గాయమే.

అన్నిటికంటే ముఖ్యం, పళ్లెం కింద నీళ్లు కారే రంధ్రాలు. రిపేరులో అవి మూసుకుపోతే గింజలు తడిసి బూజు పడతాయి, ఆ బూజు పిట్టల ప్రాణం మీదికి తెస్తుంది. ప్రింట్ చేసిన ముక్క పొరల సందుల్లోనూ మురికి చేరుతుంది, అందుకే నేను కొక్కెం వరకే ప్రింట్ చేయించి నున్నటి పాత పళ్లేన్నే ఉంచాను. రెండు వారాలకోసారి 9 వంతుల నీళ్లకు 1 వంతు బ్లీచ్ ద్రవం కలిపి కడిగి, మంచినీళ్లతో బాగా జాడించి, పూర్తిగా ఆరాకే గింజలు పోస్తున్నాను.

తయారీదార్లను అడిగేది ఒక్కటే. ఆ కొక్కేల బదులు స్క్రూలు పెట్టండి, లేదంటే విడి భాగాలు అమ్మండి, అదీ కుదరకపోతే కనీసం కొలతలైనా డబ్బాతోపాటు ఇవ్వండి, మా తిప్పలు మేం పడతాం. మీ పత్రికలో కూడా ఇలాంటి ఇంటి రిపేర్లకు వారానికో చిన్న చోటు ఇస్తే బాగుంటుంది, కొలతలు, బొమ్మలతో నా వంతుగా మొదటిది నేనే పంపిస్తాను.

– ఒక పాఠకుడు