కాన్సస్ గోధుమ రైతులు ఒక ఎంపీని ఎలా దించారంటే

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం చేరిందిరా. మిల్లుకి కొత్త డ్రయ్యర్ పెట్టావని, పెద్దాడు ఇంటర్ మంచి మార్కులతో గట్టెక్కాడని చదివి మా ఇంట్లో అందరం సంతోషించాం. చెల్లెమ్మకి, పిన్నిగారికి మా నమస్కారాలు చెప్పు.

చివర్లో నువ్వడిగిన ప్రశ్నకి ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పడం కుదరదు, అందుకే కూర్చుని రాస్తున్నా. "అక్కడ అమెరికాలో చాంబర్ ఆఫ్ కామర్స్ అంటే కోట్ల డాలర్లు ఖర్చు పెట్టగల వ్యాపారుల సంఘం కదా. ప్రభుత్వాన్నే మూసేయిస్తామనే మొండి ఎంపీలు వాళ్ళ వ్యాపారాలకే చేటు తెస్తుంటే, ఎదురు అభ్యర్థిని నిలబెట్టి ఎందుకు దించెయ్యలేకపోతున్నారు?" అని అడిగావు. దించారురా. కొన్నిచోట్ల దించారు, కొన్నిచోట్ల బొక్కబోర్లా పడ్డారు. ఎక్కడ దించగలిగారో చూస్తే మాత్రం అక్కడ పని చేసింది డబ్బొక్కటే కాదు. నాకు బాగా తెలిసిన కాన్సస్ కథే చెప్తాను గానీ, ముందు కాస్త వెనక్కి వెళ్ళాలి.

మన దగ్గర టికెట్ ఇచ్చేది అధినేత. బీ-ఫారం ఆయన చేతిలో ఉంటుంది. సిట్టింగ్ ఎమ్మెల్యే నచ్చకపోతే మీ మిల్లర్లయినా, కాంట్రాక్టర్లయినా వెళ్ళి ఆయన చెవిలోనే చెప్పుకోవాలి. ఇక్కడ అలా కాదు. పార్టీ అభ్యర్థి ఎవరో ఆ పార్టీ ఓటర్లే తేలుస్తారు, అదే ప్రైమరీ. స్పీకర్ అంతటివాడు తలకిందులుగా తపస్సు చేసినా సొంత పార్టీ ఎంపీ పేరు కొట్టెయ్యలేడు. నియోజకవర్గం ఒక పార్టీకి కంచుకోట అయితే అసలు ఎన్నిక ఆ ప్రైమరీతోనే అయిపోతుంది. దానికి వచ్చి ఓటేసేవాళ్ళు తక్కువ, వచ్చేవాళ్ళలో పట్టుదల ఉన్నవాళ్ళు ఎక్కువ. అందుకే మొండివాడికి అక్కడ బలం.

2010లో రిపబ్లికన్ పార్టీలో టీ పార్టీ అనే ఉద్యమం గాలి లేచింది. ఒబామా ఆరోగ్య బీమా చట్టం మీద, ప్రభుత్వ ఖర్చు మీద కోపంతో కొత్తవాళ్ళు గుంపుగా గెలిచి వచ్చారు. ఆ ఏడాది ఎన్నికల్లో రిపబ్లికన్లు గెలవాలని మూడు కోట్ల డాలర్లకి పైగా ఖర్చు పెట్టింది ఈ చాంబరే. పన్నులు తగ్గుతాయి, నిబంధనలు సడలుతాయి అనుకున్నారు. మూడేళ్ళు తిరిగేసరికి ఏకు మేకై కూర్చుంది. ఆ బీమా చట్టానికి డబ్బు ఆపాలని వీళ్ళు పట్టుబట్టి ఖర్చుల బిల్లు సాగనివ్వకపోవడంతో 2013 అక్టోబర్ 1 నుంచి 16 రోజులు ప్రభుత్వం మూతపడింది. లక్షల మంది ఉద్యోగులు ఇళ్ళలో కూర్చున్నారు. అప్పుల పరిమితి పెంచకపోతే దేశం చెల్లింపులు ఎగ్గొట్టే పరిస్థితి గడప దాకా వచ్చింది. మనవాళ్ళకి కూడా ఆ సెగ తగిలింది. హెచ్-1బి కావాలంటే ముందు లేబర్ డిపార్ట్‌మెంట్ నుంచి ఎల్సీఏ అనే కాగితం రావాలి. ఆ విభాగమే మూసేస్తే ఉద్యోగం మారేవాళ్ళు, కొత్తగా పెట్టుకునేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. వ్యాపారవర్గాలు ఇక ఉపేక్షించకూడదని ప్రైమరీల్లోకి దిగింది అప్పుడే.

2014లో మిషిగన్‌లో ఒకే రోజు, ఆగస్టు 5న, రెండు ఫలితాలొచ్చాయి. డెట్రాయిట్ పక్కన నోవై, క్యాంటన్ ఉన్న నియోజకవర్గంలో, మన తెలుగువాళ్ళు బోలెడంత మంది ఉండే చోటే, కెర్రీ బెంటివోలియో అనే ఆయన ఎంపీ. టీచరుగా చేసినవాడు, దుప్పులు పెంచేవాడు, క్రిస్మస్‌కి శాంటా వేషం కట్టేవాడు. అంతకు ముందున్న ఎంపీ నామినేషన్ సంతకాల గోల్‌మాల్‌లో ఇరుక్కుని తప్పుకుంటే, 2012లో ఈయనకి సీటు కలిసొచ్చింది. వ్యాపారులు డేవిడ్ ట్రాట్ అనే లాయర్‌ని నిలబెట్టారు. ఆయన సొంత డబ్బు కూడా బాగా పెట్టాడు, సునాయాసంగా గెలిచాడు. అదే రోజు గ్రాండ్ రాపిడ్స్‌లో టీ పార్టీ గాలిలో గెలిచిన ఎంపీ జస్టిన్ అమాష్ మీద బ్రయాన్ ఎల్లిస్ అనే వ్యాపారవేత్త దిగాడు. చాంబర్ అండ ఉంది, డబ్బుకి లోటు లేదు. అమాష్ తండ్రి పాలస్తీనా నుంచి, తల్లి సిరియా నుంచి వచ్చినవాళ్ళు. అలాంటివాడిని పట్టుకుని అల్ ఖైదాకి కాంగ్రెస్‌లో, అంటే ఇక్కడి పార్లమెంటులో, ఆప్తమిత్రుడంటూ టీవీలో ప్రకటన వేశారు. ఎంత నీచం! సభలో అమాష్ వేసిన ఓట్లలో సగం నాకు నచ్చవు, అయినా ఆ ప్రకటన తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అమాష్ 57 శాతం ఓట్లతో గెలిచాడు. ఆ రాత్రి ఓడిన ఎల్లిస్ ఫోన్ చేస్తే అమాష్ ఎత్తను కూడా ఎత్తలేదు, ముందు మా కుటుంబానికి క్షమాపణ చెప్పమన్నాడు. సరిగ్గానే అడిగాడు.

అంతకు ముందు జూన్‌లో జరిగింది ఇంకా పెద్దది. వర్జీనియాలో ఎరిక్ కాంటర్ అంటే సభలో స్పీకర్ తర్వాత అంతటివాడు, వ్యాపారవర్గాలకి ముద్దుబిడ్డ. రిచ్‌మండ్ శివార్లలో, గ్లెన్ అలెన్‌లో ఉండేవాడు. 50 లక్షల డాలర్లకి పైగా ఖర్చు పెట్టాడు. రెండు లక్షలతో వచ్చిన డేవ్ బ్రాట్ అనే ఎకనామిక్స్ ప్రొఫెసర్ చేతిలో ఓడిపోయాడు. బ్రాట్ ఎత్తుకున్న పాటల్లో ముఖ్యమైనది ఏంటంటే, కాంటర్ చాంబర్ మనిషి, చవకగా కూలీలు దొరకాలని వలసలకి తలుపులు తీస్తున్నాడని. 2013లో సెనేట్ 68–32 ఓట్లతో పాస్ చేసిన వలసల బిల్లు ఒకటుంది. ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డులకి దేశాలవారీ పరిమితిని అది ఎత్తేసేది. కాంటర్ ఓడాక ఆ బిల్లు జోలికి వెళ్ళే ధైర్యం సభలో ఎవరికీ లేకపోయింది. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న మనవాళ్ళ గురించి అడుగుతుంటావే, వాళ్ళ తలరాతలో ఆ జూన్ 10 రాత్రికి కూడా కొంత భాగం ఉందిరా.

ఇక కాన్సస్‌కి వద్దాం. నేను చదువుకున్న మ్యాన్‌హటన్ ఊరు, కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ, ఉన్నది ఆ నియోజకవర్గంలోనే. 60కి పైగా కౌంటీలు (మన జిల్లాల్లాంటివి), జనం మాత్రం ఏడు లక్షలు. పడమటికి కారులో వెళ్తే గంటల తరబడి గోధుమ, జొన్న, పశువుల్ని మేపి బలిపించే ఫీడ్‌లాట్లు. డాడ్జ్ సిటీ, గార్డెన్ సిటీ దగ్గరకొచ్చేసరికి అద్దాలు ఎత్తుకున్నా ఆ వాసన లోపలికొస్తుంది. అక్కడి ఎంపీ టిమ్ హ్యూల్స్‌క్యాంప్. ఫౌలర్ అనే పల్లెటూళ్ళో రైతు బిడ్డ, రాజనీతిశాస్త్రంలో పీహెచ్‌డీ చేసినవాడు, 2010 గాలిలో గెలిచినవాడు. పార్టీ చెప్పినట్టు ఓటెయ్యట్లేదని 2012 డిసెంబర్‌లో స్పీకర్ బేనర్ ఆయన్ని బడ్జెట్ కమిటీ నుంచి, వ్యవసాయ కమిటీ నుంచి తీసేశాడు. బేనర్‌ని తర్వాత సాగనంపినవాళ్ళలో ఈయనా ఒకడు, కానీ ఆ వ్యవసాయ కుర్చీ మాత్రం మళ్ళీ దక్కలేదు. దేశానికి గోధుమలు పండించే జిల్లాల ప్రతినిధి వ్యవసాయ కమిటీలో లేడు, చూడు! దానికి తోడు 2013లో, 2014లో ఫార్మ్ బిల్లుకి వ్యతిరేకంగా ఓటేశాడు. రైతుకి పంటల బీమా వచ్చేది ఆ బిల్లులోంచే.

2016 జూన్‌లో నా క్లాస్‌మేట్ ఒకడు కోతలకి వాళ్ళ ఊరు తీసుకెళ్ళాడు, గ్రేట్ బెండ్ దాటాక. నువ్వు చూసి తీరాల్సింది. ఎలివేటర్ ముందు, అంటే ధాన్యం నిల్వ చేసే పెద్ద గోదాము ముందు, లారీలు బారులు తీరి ఉన్నాయి. లారీ కాటా మీదకి రాగానే పై నుంచి పొడుగాటి గొట్టం ఒకటి గోధుమల్లోకి దిగి శాంపిల్ లాగేస్తుంది. లోపల ఒకమ్మాయి తేమ ఎంతుందో చూసి చీటీ ప్రింట్ చేస్తుంది. మీ మిల్లు దగ్గర ధాన్యం గుప్పిట్లోకి తీసుకుని పంటి కింద నలిపి చూసే మీ గుమాస్తాగారు గుర్తొచ్చారు. ఆ ఏడాది కాన్సస్‌లో పంట విరగపండింది, ఎకరానికి 57 బుషెల్లు (గోధుమకైతే బుషెల్ దాదాపు 27 కిలోలు), అంతకు ముందెన్నడూ అంత రాలేదు. ధర మాత్రం పడిపోయింది. ఎలివేటర్లు నిండిపోయి గోధుమల్ని ఆరుబయట నేల మీదే గుట్టలుగా పోశారు. అక్కడ బల్లల మీద కూర్చున్న పెద్దవాళ్ళు మాట్లాడుకునేది ఒక్కటే: మనవాడు మంచివాడే, చర్చికి వస్తాడు, గర్భస్రావం విషయంలో మన మాటే మాట్లాడతాడు, కానీ మన గోడు వినే గదిలో ఆయనకి కుర్చీ లేదు. నా క్లాస్‌మేట్ వాళ్ళ నాన్నగారు హ్యూల్స్‌క్యాంప్‌కి మూడుసార్లూ ఓటేసిన మనిషి. ఈసారి ఇంటి ముందు ఎదురు అభ్యర్థి మార్షల్ బోర్డు పాతాడు.

రోజర్ మార్షల్ గ్రేట్ బెండ్‌లో కాన్పుల డాక్టర్. వేల మంది పిల్లలకి పురుడు పోసిన చెయ్యి. చాంబర్ ఆయన వెనక నిలబడింది, రైతుల సంఘం కాన్సస్ ఫార్మ్ బ్యూరో నిలబడింది, పశువుల పెంపకందార్ల సంఘం నిలబడింది. అటువైపు పన్నులు, ప్రభుత్వ ఖర్చు తగ్గాలనే క్లబ్ ఫర్ గ్రోత్ సంఘం వాళ్ళు హ్యూల్స్‌క్యాంప్ కోసం దిగారు, వాషింగ్టన్ పెద్దలు కక్ష కట్టారని ఆయనా ఊరూరా చెప్పుకున్నాడు. రెండు వైపులా లక్షల డాలర్లు కురిశాయి. ఆగస్టు 2న లక్ష పైచిలుకు ఓట్లు పడితే మార్షల్‌కి 56 శాతం పైగా వచ్చాయి. నవంబర్‌లో డెమోక్రాట్లు అసలు అభ్యర్థినే పెట్టలేదు. జనవరిలో మార్షల్ వ్యవసాయ కమిటీలో కూర్చున్నాడు.

ఇప్పుడు అమాష్‌ని, హ్యూల్స్‌క్యాంప్‌ని పక్కపక్కన పెట్టి చూడరా. ఇద్దర్నీ ఒకే రోజు కమిటీల నుంచి తీసేశారు. ఇద్దరి మీదా అదే చాంబర్ దిగింది. గ్రాండ్ రాపిడ్స్ ఓటరుకి బడ్జెట్ కమిటీ పోయిందని తన ఇంట్లో ఏ నష్టమూ కనబడలేదు. గ్రేట్ బెండ్ రైతుకి నేల మీద గుట్టగా పోసిన గోధుమ కళ్ళ ముందే ఉంది. వ్యాపారుల ఇబ్బంది ఓటరు ఇబ్బంది కూడా అయినచోట డబ్బు పని చేసింది. కాని చోట ఆ డబ్బే అభ్యర్థికి మచ్చ అయింది, కాంటర్‌కి అయినట్టు.

అదే ఆగస్టు 2న మా కాన్సస్ రాష్ట్ర శాసనసభకి కూడా ప్రైమరీలు జరిగాయి. 2012లో గవర్నర్ బ్రౌన్‌బ్యాక్ ఆదాయపు పన్ను భారీగా కోసి, చాలా రకాల వ్యాపారాల నుంచి యజమానులకి వచ్చే ఆదాయం మీద మొత్తానికే ఎత్తేశాడు. దాన్ని ప్రశ్నించిన మధ్యేమార్గపు రిపబ్లికన్ రాష్ట్ర సెనేటర్లని ఆ ఏడే ప్రైమరీల్లో ఏరేశారు. ఆ పనికి డబ్బు పెట్టిన వాటిలో కాన్సస్ రాష్ట్ర చాంబర్ ముందుంది. అంటే ఇక్కడ వ్యాపార సంఘమే మొండివాళ్ళని పెంచింది. తర్వాత ఖజానాకి చిల్లు పడింది, రోడ్ల డబ్బు లాగేశారు, బడుల నిధుల మీద కేసు రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మేముండే ఓవర్లాండ్ పార్క్ చుట్టుపక్కల ఇళ్ళు కొనుక్కున్న మనవాళ్ళంతా బడుల్ని చూసే కొనుక్కున్నారు. బడిలో తల్లిదండ్రుల, టీచర్ల సంఘం (పీటీఏ) మీటింగుల్లో ఎప్పుడూ నోరెత్తని తల్లులు ఆ ఏడు లేచి మాట్లాడారు. నలుగురు మాజీ గవర్నర్లు, ఇద్దరు రిపబ్లికన్లు, ఇద్దరు డెమోక్రాట్లు, ఒక్క గొంతుతో ఇది ఆపాలన్నారు. ఆ ప్రైమరీల్లో రాష్ట్ర సెనేట్ మెజారిటీ నాయకుడితో సహా బ్రౌన్‌బ్యాక్ వైపువాళ్ళు చాలామంది ఓడిపోయారు. 2017 జూన్‌లో కొత్త సభ గవర్నర్ వీటోని తోసిరాజని ఆ పన్ను కోతల్ని రద్దు చేసింది. ఆ రోజు ఆఫీసులో పని మానేసి ఓట్ల లెక్క చూస్తూ కూర్చున్నాన్రా, అంత ఆనందం వేసింది.

మార్షల్ సంగతి అలా ముగియలేదు. 2020లో వాషింగ్టన్‌లోని అమెరికా సెనేట్ సీటుకి క్రిస్ కోబాక్ అనే ఇంకో మొండివాడిని ఆపాలని పార్టీ పెద్దలు మళ్ళీ ఈయన్నే పట్టుకున్నారు, గెలిచాడు. 2021 జనవరి 6న గుంపు పార్లమెంటు భవనం కాపిటల్ మీద పడి తలుపులు పగలగొట్టిన రాత్రి, మళ్ళీ సభ చేరాక అధ్యక్ష ఎన్నికలో అరిజోనా ఓట్లు చెల్లవని ఓటేసింది ఆరుగురు సెనేటర్లు. అందులో రోజర్ మార్షల్ ఒకడు. పెన్సిల్వేనియా విషయంలోనూ అంతే. మెత్తనివాడని, పని జరిపించేవాడని వ్యాపారులు ఏరికోరి తెచ్చుకున్న మనిషి! వాళ్ళు అడిగింది ఫార్మ్ బిల్లుకి ఓటు, కమిటీలో కుర్చీ. ఆ రెండూ ఇచ్చాడు. ఎన్నికల ఫలితాన్ని గౌరవిస్తావా అని అడిగినవాళ్ళు ఎవరూ లేరు. నన్ను బాధపెట్టేది అదేరా. ఒక మనిషిని నిలబెట్టడానికి అన్ని లక్షలు పోసేవాళ్ళు ఆ ఒక్క మాట కూడా అడిగి ఉండాల్సింది.

మీ మిల్లర్ల సంఘం వచ్చే ఎన్నికలకి ఎవర్నో బలపరచాలని చూస్తోందని రాశావు. బకాయిలు, గోనెసంచులు, రవాణా చార్జీలు, అవన్నీ ఆయన్ని అడగండి, తప్పులేదు. రైతులు ఆయన గురించి ఏమనుకుంటున్నారో కూడా కనుక్కో. ఆయన పాత చరిత్ర ఏంటో, ఓడిపోతే ఎలా నడుచుకున్నాడో కూడా ఆరా తీసి నాకు వివరంగా రాయి.

సంక్రాంతికి రావాలని టిక్కెట్లు చూస్తున్నాం. ఖాయమైతే ముందే చెప్తాను.

నీ
రాంబాబు